పసుపు రాసిన ఎర్త్

నాకు కోపం ఎక్కువని బోధన్‌లో బ్యాటరీ నీళ్ళు అమ్మేవాడికి కూడా తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా బండ్లకు వైరింగు చేస్తున్నాను. తప్పు చూస్తే నోరు ఆగదు. నోరు చల్లబడేసరికి తప్పు ఎవరిదో తేలుతుంది, అప్పటికే ఎవరో ఒకరు తిట్లు తిని ఉంటారు. మా ఆవిడ జ్ఞానమ్మ దీన్ని ఓ జబ్బు అంటుంది. నేను పనిమీద శ్రద్ధ అంటాను.

మా అమ్మాయి ఆశా ఐటీఐ చదివి రెండేళ్ళుగా షాపులో నాతోనే ఉంది. హారన్లు మార్చడం, బల్బులు వేయడం వరకూ చేయనిచ్చాను. నిజామాబాద్‌లో శ్రీధర్ అని నాకు తెలిసినాయన సెల్‌ఫోన్ల షోరూం పెట్టాడు. కౌంటర్‌లో కూర్చునే పని ఉంది, అమ్మాయిని పంపమన్నాడు. చల్లని గది, మసి అంటని చేతులు. నాకు నచ్చింది. ఆశాకు నచ్చలేదు. ఒక బండి మొత్తం తనకు అప్పగించమంది. ఒక్క కంప్లయింటు వచ్చినా నోరెత్తకుండా షోరూంకు పోతానంది. సరే అన్నాను. మనసులో మాత్రం, ఎక్కడో ఓ చోట తప్పు చేయకపోతుందా అనుకున్నాను. తండ్రినై ఉండి అలా అనుకున్నానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ బండి బాపురావుది. చెరకు, పసుపు పండించే రైతు. వానాకాలం వస్తే ఆయన చేను దారిలో నల్లరేగడి ట్రాక్టరును కూడా పట్టుకుని వదలదు. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత జీపు కొని, ఆకుపచ్చ రంగు వేయించి, పెళ్ళికొడుకులా ముస్తాబు చేశాడు. ముందు బంపరుకు రెండు ఫాగ్ లైట్లు, ఊరు అదిరే హారన్, దిగబడితే తాడుతో లాగే మోటారు కావాలన్నాడు. పని వాళ్ళింటి ముందరే. ఆదివారం మధ్యాహ్నం తోటి జీపుల వాళ్ళతో కలిసి సిరికొండ గుట్టలెక్కాలని ఆయన తొందర.

వైరింగులో రోగాలన్నీ ఎక్కువగా ఎర్త్ దగ్గరే పుడతాయి. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు లైటు వెలిగించి మళ్ళీ బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగు దారికి బండి ఇనుమునే వాడుకుంటాం. కాబట్టి ఎర్త్ వైరు రింగు బిగించే చోట రంగంతా గీకేసి, ఇనుము మెరిసేదాకా రుద్దాలి. శనివారం సాయంత్రానికి ఆశా వైర్లన్నీ లాగి, నాలుగు చోట్ల రంగు గీకి, అద్దంలా రుద్ది పెట్టింది. చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున ఆమెకు చర్చిలో పాట ఉంది. పదకొండింటికి వచ్చి బిగిస్తానంది. బాపురావు ఎనిమిదింటికే ఫోన్ మీద ఫోన్. నేను చర్చి ఎగ్గొట్టి పోయి, ఆ నాలుగు బోల్టులూ నేనే బిగించి వచ్చేశాను. పావుగంట పని. నాలుగు బోల్టులు తిప్పడం కూడా ఒక పనేనా? నా దృష్టిలో ఆ బండి చేసింది ఆశానే.

సోమవారం పొద్దున జీపు షాపు ముందు ఆగింది. బాపురావు దిగిన తీరులోనే కబురు తెలిసిపోయింది. రాత్రి గుట్టల్లోనే ఉండిపోతే తెల్లవారుజామున పొగమంచు పట్టిందట. ఫాగ్ లైట్లు వేస్తే ఇండికేటర్లు మిణుకుమన్నాయట. హారన్ కొడితే లైట్లు కళ్ళు మూసుకున్నాయట, హారన్ ఏమో జలుబు చేసిన మేకలా మూలిగిందట. తొమ్మిది జీపుల వాళ్ళు వరుసగా వచ్చి ఆ హారన్ కొట్టించుకుని నవ్వి పోయారట. దారిలో ఇంటి దగ్గర ఆగి, కంటి డాక్టరుకు చూపించాలని తల్లి లింగవ్వను కూడా ఎక్కించుకుని వచ్చాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని అంతా వింటోంది.

ఇంకేముంది, నా నోరు లేచింది. కారణం ఏమిటని అడగలేదు, బానెట్ ఎత్తి చూడలేదు. ఆశా మీద పడ్డాను. రెండేళ్ళు నేర్పింది బూడిదలో పోసిన పన్నీరన్నాను. రేపే షోరూం అన్నాను. పక్క షాపు వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డారు.

ఆశా పదో నెంబరు పానా తీసుకుని బంపరు కింద దూరింది. ముందు ఎర్త్ బోల్టు విప్పి, రింగు పక్కకు తిప్పింది. దాని కింద పచ్చగా, నూనెతో గట్టిపడిన పసుపు. వేలితో గీకి వాసన చూసింది. మిగతా మూడూ విప్పింది. అన్నిట్లోనూ అదే.

సీట్లోంచి లింగవ్వ మెడ చాచి చూసింది.

"గది నేనే రాసిన బిడ్డా. కొత్త బండికి నాలుగుకాడ తోలు లేసినట్టు గీకి పెట్టిండ్రు. సూస్తే పానం ఆగలే. దెబ్బ తాకినకాడ పసుపు పెట్టకుంటే ఎట్ల? నూనెల కలిపి రాసిన."

బాపురావు తల్లిని ఏమీ అనలేక ఆశా వైపు తిరిగాడు.

"అవ్వ రాస్తే రాసింది. గంత పసుపు మీద బోల్టు ఎట్ల బిగిస్తరు? కండ్లు లేవా?"

నా ఒంట్లో కరెంటు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ కళ్ళు నావి. ఆదివారం పొద్దున ఆ పసుపును నేను చూశాను. శుభ్రంగా చూశాను. వాళ్ళ పూజ కాబోలు, చర్చికి పోయే మనిషిని నేను తుడిచేస్తే ఏమనుకుంటారో అని, బొట్టు చెదరకుండా మెల్లగా రింగు పెట్టి బిగించాను. ఎంత మర్యాదగా బిగించానో!

ఆ బోల్టులు ఎవరు బిగించారో ఆశాకు తెలుసు. ఒక్క మాట అంటే ఆమె గెలుస్తుంది. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. ఎమరీ పేపరుతో పసుపు రుద్దుతూ, "నేను ఇంకోసారి సూసుకోవాల్సుండె కాకా" అంది బాపురావుతో.

నేను ఊరుకుంటే అయిపోయేది. బాపురావు తిట్టి పోతాడు, అమ్మాయి షోరూంకు పోతుంది, నా పేరు నాకు మిగులుతుంది. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. అబద్ధం చెప్పను, ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది.

"బాపురావన్నా, గా బోల్టులు బిగించింది నేను" అన్నాను. "పసుపు సూసిన. మీ పూజనుకొని ముట్టలే."

పక్క షాపు వాళ్ళ టీ చల్లారిపోయి ఉంటుంది, ఎవరూ తాగలేదు. ముందుగా లింగవ్వ నవ్వింది. "పూజ గాదు కొడుకా, మందు" అంది. ఆ తర్వాత బాపురావు కూడా ఆపుకోలేకపోయాడు. వీధి మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు. బిడ్డ ముఖం చూసే ధైర్యం రాక వైర్ల చుట్టను చుడుతూ, విప్పుతూ నిలబడ్డాను.

అరగంటలో ఆశా అన్నీ మళ్ళీ బిగించింది. హారన్ కొడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంది. లైట్లు కదల్లేదు. బాపురావు పోతూ పోతూ, వచ్చే వారం ట్రాక్టరు తెస్తానని, దాన్ని ఆశానే చూడాలని, నేను దగ్గరికి కూడా రావద్దని చెప్పాడు. కోపం రావాల్సిన మాటే. రాలేదు.

జీపు పోయాక శ్రీధర్‌కు ఫోన్ చేశాను. అమ్మాయి రావడం లేదు, షాపులో పని బాగా పెరిగింది అన్నాను. పానాలు తుడుచుకుంటున్న ఆశా తల ఎత్తలేదు.

"నిజం చెప్పు డాడీ" అంది.

పెట్టేయబోయిన ఫోన్ మళ్ళీ చెవికి ఆనించాను.

"శ్రీధరన్నా, నాకు ఎర్త్ బిగించుడు సక్కగ వస్తలేదు. బిడ్డ దగ్గర నేర్సుకుంటున్న."