పాలు ఆరకముందే

దొంగ మూడు కొమ్మలు కోసుకుపోయాడు. పోతూ పోతూ చెట్టుకైన గాయాలకు మైనం కూడా పూసిపోయాడు. ఇలాంటి దొంగను మీరెక్కడైనా చూశారా? టైలరమ్మ చూడలేదు. పొద్దున్నే బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లిన మనిషి, బకెట్ కింద పడేసి కెవ్వున కేక పెట్టింది.

అది దేవగన్నేరు. మామూలు దేవగన్నేరైతే ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. కొమ్మ విరిచి గుచ్చితే ఎవరింట్లోనైనా వస్తుంది, తల్లి చెట్టు పువ్వే పూస్తుంది. ఇది గింజ నుంచి వచ్చింది. గింజ నుంచి వచ్చిన చెట్టు ఏ రంగు పూస్తుందో, పూసేదాకా ఎవరి తరమూ కాదు చెప్పడం.

ఎనిమిదేళ్ల కిందట అంచులు కుట్టమని ఎవరో తెచ్చిన కర్టెన్ల మూటలో, మడతల మధ్య ఒక ఎండిన కాయ దొరికింది. విప్పితే పల్చటి రెక్కలున్న గింజలు. ఊడ్చి పారేయకుండా టైలరమ్మ వాటిని పగిలిన టీ కప్పుల్లో నాటింది. మూడు మొలిచాయి. ఒకటి బతికింది. దాన్ని పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టింది. సబ్బునీళ్లు అటు పోకుండా ఇటుకలతో చిన్న కట్ట కట్టింది. ఆకుల వెనక తెల్లపురుగు పడితే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచింది. చలి రోజుల్లో ఆకులన్నీ రాలి మొండిగా నిలబడితే, బస్సులు బాగుచేసే ఆమె భర్త పళ్లు తోముకుంటూ వేళాకోళం చేసేవాడు.

"ఏమే, నీ కట్టెకి పాపం స్వెట్టర్ కుట్టకూడదూ?"

"మీరు కొలతలు తీసి పెట్టండి, కుడతాను" అనేది.

ఏడో ఏడు ఎండల్లో పూసింది. అబ్బ, ఆ రంగు! విచ్చిన రోజు ఇత్తడి చెంబులా ఉంది. మర్నాటికి రాగి. మూడో రోజు సాయంత్రానికి అంచులు నల్లద్రాక్ష రంగుకు తిరిగి, మధ్యలో మాత్రం పసుపు అలాగే నిలిచింది. నలభై ఎనిమిదేళ్ల ఆడది, మెడలో టేపు వేసుకుని చెట్టు కింద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎందుకంత ఏడుపంటే, చెప్తాను. ఆ ఊళ్లో చెట్లు పెంచేవాళ్ల సంఘం ఒకటుంది. కొత్త రంగు పువ్వు ఎవరైనా గింజ నుంచి పెంచితే, ఆ పువ్వుకు వాళ్లు పెట్టిన పేరూ, పెంచిన మనిషి పేరూ పుస్తకంలో రాస్తారు. టైలరమ్మ ఉంటున్న ఇల్లు మామగారి పేరు మీదుంది. కుట్టుమిషన్ రసీదు భర్త పేరు మీదుంది. కరెంటు మీటరు మరిది పేరు మీదుంది. ఆఖరికి గుమ్మం పైన బోర్డు మీద కూడా 'లేడీస్ టైలర్' అనే ఉంది గానీ ఆ టైలరెవరో లేదు. ఆ పుస్తకంలో ఒక్క గీత తన పేరు ఉండాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

మరి వెంటనే వెళ్లి రాయించుకోవచ్చుగా? రాయించుకోలేదు. గింజ చెట్టు మొదటి రెండు మూడేళ్లు రంగులు మారుస్తుంది. మూడు కాపులూ ఒకే రంగు పూస్తే గానీ అది దాని సొంత రంగని చెప్పడానికి లేదు. అలా చూడమని సంఘం అడగలేదు, ఈమెకు ఈమే పెట్టుకున్న పట్టు. జాకెట్టు రెండోసారి తొడిగించి చూడందే చేతికివ్వని మనిషి మరి.

ఈ సంగతులన్నీ తెలిసింది ఒక్కరికే. పై అంతస్తులో ఉండే తోడికోడలికి. ఆమె నోరు మూతపడటం ఎవరూ చూడలేదు కాబట్టి ఇంటిల్లిపాదీ గలగల అనేవారు. టైలరమ్మకు పిల్లల్లేరు, గలగలకు తోబుట్టువుల్లేరు. మధ్యాహ్నం మిషన్ ఆగితే చాలు, గలగల మెట్లు దిగి వచ్చేసేది. కొమ్మ ఎలా కోయాలో, కత్తిని సలసల కాగే నీళ్లలో ఎందుకు ముంచాలో, అన్నీ టైలరమ్మే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది.

"కోసిన చోట పాలు కారతాయి. కారనివ్వు. ఒక రోజంతా ఆరనివ్వు. ఆ తర్వాతే కొవ్వొత్తి కరిగించి మైనం పెట్టాలి, వాన నీళ్లు లోపలికి దిగకుండా."

"చెట్టుకి కట్టు కూడానా అక్కా! నాకు వేలు తెగితే ఇంత చేశావా నువ్వు?"

"నీకు తెగింది నోరైతే చేసేదాన్ని, కాస్త ఊరట దొరికేది."

ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. ఆ నవ్వుల్లోనే ఒకరోజు టైలరమ్మ పువ్వుకు తను అనుకున్న పేరు కూడా చెప్పేసింది. దీపాలవేళ. సాయంత్రం దీపాలు వెలిగించే వేళకే కదా ఆ అంచులు నల్లబడేది.

ఇదిగో, రెండో కాపు కూడా అదే రంగు పూసి, చివరి పువ్వులు రాలుతున్న రోజుల్లోనే ఈ కోత పడింది. మైనం చూడగానే టైలరమ్మ మనసు ఒక మాట చెప్పింది. వెంటనే తనే దాని నోరు నొక్కేసింది.

కేక విని గలగల పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అక్కా! ఎవడి చేతులు పడిపోనూ! గోడ దూకి వచ్చినట్టున్నాడు. పోనీలే, మైనమైనా పెట్టి చచ్చాడు, చెట్లంటే ప్రేమున్న వెధవ ఎవడో." అంటూ అక్క వీపు నిమిరింది. తన కొంగుతో అక్క కళ్లు తుడిచింది. ఆ చేతుల్లో టైలరమ్మ కాసేపు పసిపిల్లలా తలవాల్చింది.

మూడు వారాలకు గలగల వాళ్లు ఇల్లు మారారు. మరిదికి ఆఫీసు దూరమవుతోందట, ఊరికి ఆ చివర మేడ మీద వాటా దొరికిందట. మంచాలు, మూటలు, గుడ్డ కప్పిన బకెట్లు మూడు. సామాను బండి కుదుపులకు ఆ గుడ్డలు జారిపోతాయేమోనని టైలరమ్మే వాటి చుట్టూ తాడు బిగించి ముడివేసింది. చూడండి మరి, తన చేతులతో తనే!

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. కోసిన చోట కొమ్మలు మెత్తబడ్డాయి. టైలరమ్మ గోటితో మైనం పెచ్చు లేపింది. గుప్పున కుళ్లు వాసన కొట్టింది. లోపల ఆరని పాలు, చీము పట్టిన పుండులా. ఎవరో పాలు కారుతుండగానే హడావుడిగా మూసేశారు. పాఠం సగం విన్నవాళ్ల పని అది. మనసు మళ్లీ నోరు తెరవబోయింది. ఈమె మళ్లీ నొక్కేసింది.

కుళ్లు ఉన్నంత మేరా కోసింది. లోపల గోధుమరంగు చార ఇంకా కిందికి దిగింది. ఇంకా కోసింది. మిగిలిన కొమ్మలు తీసి ఆరబెట్టి, ఇసకలో నాటి, కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. ఆ చార వాటిలోకీ ఎక్కేసింది, ఒక్కటీ నిలవలేదు. వానలు వెనకబట్టేసరికి బండ పక్కన జానెడు మొద్దు మిగిలింది, అది కూడా వేలితో నొక్కితే లోపలికి పోయేది. భర్త దాన్ని పీకేసి చెత్తబండిలో వేశాడు. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మళ్లీ ఎండలొచ్చాయి. సంఘం వాళ్ల పూల ప్రదర్శనకు భర్తే బలవంతంగా బయల్దేరదీశాడు, కాస్త మనసు మళ్లుతుందని. పెద్ద హాలు, వరసగా బల్లలు, నీళ్లు చల్లిన నేల. నాలుగో బల్ల దగ్గర టైలరమ్మ కాళ్లు ఆగిపోయాయి.

ఇత్తడి, రాగి, నల్లద్రాక్ష. మూడు రంగులూ ఒకే గుత్తిలో.

ముందు వచ్చింది సంతోషం. ఒట్టు, సంతోషమే. బతికే ఉంది! ఎవడు దొంగిలిస్తేనేం, నా తల్లి బతికే ఉంది! చెయ్యి చాచి ఒక రెక్కను తాకింది కూడా. ఆ తర్వాత కుండీకి ఆనించిన అట్టముక్క కనబడింది. పువ్వు పేరు దీపాలవేళ. గింజ నుంచి పెంచినవారు అన్న చోట గలగల అసలు పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాల్లో ఉంది. పక్కనే కొత్త చీర కట్టుకుని గలగల నిలబడి, సంఘం పెద్దాయనకు చెబుతోంది.

"ఎనిమిదేళ్లండీ. ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడిచేదాన్ని."

టైలరమ్మ ఆ రెక్క మీంచి చెయ్యి తీసేసింది. కొమ్మలు పోతే పోయాయి. ఆ తడిగుడ్డ నాది. ఆ ఎనిమిదేళ్లు నావి. ఆ పేరు నా నోటితో నేనే చెప్పాను.

"చెల్లీ" అంది.

గలగల తిరిగి చూసింది. మొహంలో రంగు పోయి, మళ్లీ వచ్చింది. పక్కకు లాక్కెళ్లి గొంతు తగ్గించింది. "అక్కా, నువ్వు ఎప్పటికీ ఇచ్చేదానివి కాదు. మూడేళ్లు, మూడేళ్లు అంటూ కూర్చున్నావు. నాకు మాత్రం ఏముంది చెప్పు? నాకూ ఒక్కటి కావాలనిపించింది."

"అడిగావా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదే. మూడో కాపు చూసుకుని, మొదటి కొమ్మ దానికే ఇవ్వాలని కుండీ కూడా కొని మిషన్ కింద దాచింది. ఆ మాట అనకుండా తన భర్త వైపు చూసింది. ఆ చెట్టుకు స్వెట్టర్ కుట్టమన్న మనిషి, ఎనిమిదేళ్లూ చూసిన ఏకైక సాక్షి. ఒక్క మాట అంటే చాలు.

ఆయన చుట్టూ చూసి చెయ్యి పట్టుకున్నాడు. "నలుగురిలో గొడవెందుకే? చెట్టా, ఇప్పుడు లేదాయె. మనింటి ఆడవాళ్లేగా, ఎవరి పేరైతేనేం."

ఎవరి పేరైతేనేం! ఒళ్లు భగ్గుమంది టైలరమ్మకు. ఆ చెయ్యి విదిలించుకుని ఒక్కతే నడిచి ఇంటికి వచ్చేసింది. పది రోజులు ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

పదకొండో రోజున ఆమెకు ఒక సంగతి తట్టింది. ఆ పువ్వు ఇక లోకంలో ఉన్నది ఒక్క చోటే. కోపం తనది, నిజమే. చెట్టేం చేసింది? కత్తిని మరిగే నీళ్లలో ముంచి, గుడ్డలో చుట్టుకుని, రెండు బస్సులు మారి ఊరికి ఆ చివర మేడ మెట్లెక్కింది.

"ఒక కొమ్మ కావాలి" అంది. తన చెట్టు కొమ్మను తనే చెయ్యి చాపి అడగడమంటే ఎలా ఉంటుందో, అది పడినవాళ్లకే తెలుస్తుంది.

గలగల మొహం వెలిగిపోయింది. "అదేం మాటక్కా! నీకివ్వక ఇంకెవరికిస్తాను? ఒకటేం, రెండు తీసుకో. కూర్చో, నీళ్లు తాగు ముందు. నువ్వు రావేమోనని ఎంత బెంగపెట్టుకున్నానో తెలుసా!" వాగుతూనే ఉంది. టైలరమ్మ మేడ మీది కుండీలో మంచి కొమ్మ చూసి, వాలుగా ఒక్క కోత కోసింది. తెల్లటి పాలు బొటబొటా కారాయి. గలగల లోపలికి పరుగెత్తి వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకొచ్చి, చెట్టు గాయం మీదకు వంచబోయింది.

టైలరమ్మ ఆ మణికట్టు పట్టేసుకుంది. "ఆగు. పాలు ఆరాలి. రేపు పెట్టు."

"ఏం కాదులే అక్కా, అప్పుడు కూడా..."

"అప్పుడు కూడా ఇలాగే పెట్టావు. లోపల కుళ్లింది. నా చెట్టు దొంగతనం వల్ల చావలేదు. ఈ మైనం వల్ల చచ్చింది."

గలగల నోరు మొదటిసారి ఆగింది. కొవ్వొత్తి ఆర్పేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి అబద్ధపు నీళ్లేం కావు. తర్వాత గలగల కిటికీ గట్టు మీంచి ఒక చిన్న అట్టముక్క తీసింది. దారంతో దాన్ని అక్క చేతిలోని కొమ్మకు కట్టసాగింది. దాని మీద పువ్వు పేరు, కింద గలగల పేరు.

"సంఘం వాళ్ల రూలక్కా. ఎవరికిచ్చినా ఇది కట్టే ఇవ్వాలట" అంది, తల ఎత్తకుండా. నోరు ఆగింది గానీ చేతులు ఆగలేదు.

తిరుగు బస్సులో టైలరమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. కొమ్మ చివర గుత్తిని తుంచెయ్యాలి, లేకపోతే వేరు పట్టదు. ఇంటికెళ్లి తుంచుదామని ఒళ్లో నిలబెట్టుకుంది. పక్కన కూర్చున్నావిడ చాలాసేపటి నుంచి దాన్నే చూస్తోంది.

"ఏం పువ్వమ్మా ఇది? ఇలాంటి రంగు ఎక్కడా చూడలేదు. మీరే పెంచారా?"

టైలరమ్మ నోరు తెరిచింది. అట్టముక్క గాలికి తిరిగి ఆవిడ వైపుకే వచ్చి ఆగింది.

"లేదమ్మా" అంది. "మా తోడికోడలు ఇచ్చింది."