దీపావళికి మిగిలిన టపాకాయలు

ఆగస్టు పదిహేను, ఉదయం ఏడయింది. కుంకుమ భరిణె పట్టుకుని సాయిదుర్గ ఎదురింటి మెట్ల దగ్గర ఆగిపోయింది. గుండుగొలను బడిలో ఈసారి జెండా ఎగరేసేది ఆ ఇంటి విజయకుమారిగారేనని హెడ్మాష్టారు తేల్చేశారు. ఆవిడ కొడుకు ఫణీంద్ర సరిహద్దులో సైనికుడు మరి. తల్లుల కమిటీ తరఫున బొట్టు పెట్టి పిలవమని సాయిదుర్గకి చెప్పి మూడు రోజులైంది. కాలు కదిలితేగా!

మే నెలలో మనవాళ్ళు అవతలి దేశం మీద బాంబులు వేశారని టీవీలో చెప్పిన పొద్దున, అటక మీద మిగిలిపోయిన సీమటపాకాయల దండ దింపి వీధిలో కాల్చింది తనే. కూతురు భార్గవి గంతులు వేసింది. పొగ తగ్గాక చూస్తే ఎదురింటి తలుపు మూసి ఉంది. ఆ రోజు నుంచి ఈ గడప తొక్కలేదు.

"కొత్తకోడలిలా అక్కడే నిలబడ్డావేంటే దుర్గా? లోపలికి రా," అంది విజయకుమారి గుమ్మంలోకి వచ్చి.

"జెండా ఎగరెయ్యడానికి మిమ్మల్ని రమ్మన్నారండీ పిన్నిగారూ. ఎనిమిదింటికండీ."

"ఇప్పుడా చెప్పడం! చీరైనా మార్చుకోవద్దూ?"

సాయిదుర్గ వేలు కుంకుమలో ముంచింది. చెయ్యి పైకి లేవలేదు.

"ఆ రోజు టపాకాయలు కాల్చింది నేనేనండీ."

"తెలుసే. కిటికీలోంచి చూశాను. రెండు రోజులుగా ఫోను లేని మావాడు సరిగ్గా అప్పుడే ఫోన్ చేశాడు. ఆ చప్పుడేంటమ్మా అన్నాడు. వీధిలో పెళ్ళిరా అన్నాను. ఏదో అరుస్తాడు, ఆ చప్పుడులో నాకు వినపడదు. అంతలో లైను తెగిపోయింది. మళ్ళీ వాడి గొంతు విన్నది ఆరో రోజున."

ఏడో తరగతితో ఆగిన చదువులో జెండా వందనం ఒక్కసారీ మానలేదు సాయిదుర్గ. దేశమంటే అంత ప్రేమ, ఆ పొద్దున ఎదురింట్లో ఫోను పట్టుకుని కూర్చున్న తల్లి మాత్రం గుర్తు రాలేదు.

"క్షమించమనడానికి మొహం లేదండీ."

"అనకు. ఇప్పుడే పోయే బాధ కాదది. బొట్టు పెట్టు, టైమవుతోంది."

బడిలో జెండా విప్పుకుంది, బంతిపూల రేకలు విజయకుమారి తల మీద రాలాయి. పిల్లలు జై కొడుతున్నారు, డ్రమ్ము మోగుతోంది. ఆ గోలలో ఆవిడ చేతి సంచీలోంచి ఫోను తీసి, ఒక చెవి మూసుకుని, "ఫణీ... ఫణీ, వినపడట్లేదురా" అంటోంది.

సాయిదుర్గ ఒక్క ఉదుటున వెళ్ళి డ్రమ్ము మీద రెండు చేతులూ ఆనించింది.

"ఆపండర్రా! ఒక్క రెండు నిమిషాలు ఆపండి."

హెడ్మాష్టారు గుర్రుగా చూశారు. ఆమె చేతులు తియ్యలేదు.