స్పీడ్ బ్రేకర్ దగ్గర దగ్గు

చైతన్య కారుకు పదిహేడు ఇంచుల అల్లాయ్ చక్రాలు వేయించిన మర్నాటి నుంచీ వాళ్ల నాన్న సీతారామయ్యగారికి దగ్గు పట్టుకుంది.

ఆయన అసలు జబ్బు దగ్గు కాదు. ఎక్కడో మొదలై వెన్నెముక దాకా పాకింది. రేడియేషన్ ఇస్తున్నది నొప్పి తగ్గడానికే తప్ప నయమవడానికి కాదు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తక్కిన ఇద్దరికీ తెలియదన్నట్టు ఎవరికి వారు మర్యాదగా మసులుకుంటున్నారు.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి హాస్పిటల్‌కి రోజూ ప్రయాణం. వెనక సీట్లో దిండ్లు పేర్చి ఆయన్ని ఒరగబెట్టేది కోడలు ప్రవీణ, కారు నడిపేది కొడుకు. తండ్రికి ఇంకేం చెయ్యాలో తోచక ఆ కొడుకు కారుకు చేశాడు. ఆఫీసు పార్కింగులో మేనేజరు కారుకున్నటువంటి చక్రాలే మూసాపేటలో దొరికితే, పాత పదిహేను ఇంచులవి షాపులోనే ఇచ్చేసి అవి బిగించుకొచ్చాడు.

"మా నాన్న మామూలు కారులో తిరుగుతారా?" అన్నాడు తాళాలు తిప్పుతూ. జబ్బు బయటపడ్డాక అతను నవ్వడం ప్రవీణ చూసింది ఆ సాయంత్రమే.

షాపు ఓనర్ ఓంకార్ ముందే చెప్పాడు. "బయటి గుండ్రం పాతదంతే ఉండాలె అన్నా, లేకుంటే స్పీడు మీటర్ తప్పు జూపిస్తది. గందుకే రిమ్ము పెరిగినకొద్దీ కుదుపు ఆపే రబ్బర్ తగ్గుతది." చైతన్యకు రిమ్ము వినిపించింది. పక్కనే ఉన్న ప్రవీణకు రబ్బరు వినిపించింది.

"ఇరిగేషన్ డిపార్టుమెంటు జీపులో ముప్పయ్యేళ్లు కాలవగట్ల మీద తిరిగినవాణ్ణి. దానిముందు ఇది పూలపల్లకీరా," అన్నారు మామగారు మొదటిరోజు. అని, దగ్గారు.

రెండోరోజుకి ప్రవీణ కనిపెట్టింది. ఆ దగ్గుకు దారి తెలుసు. కొండాపూర్ స్పీడ్ బ్రేకర్ ముందర మొదలవుతుంది, దాటగానే ఆగుతుంది. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద అతుకు అతుక్కీ ఒకసారి వస్తుంది. ఎర్రలైటు దగ్గర కారు ఆగితే మనిషికి ఏ దగ్గూ లేదు, ఎండల గురించి మాట్లాడతారు. దగ్గుతున్నంతసేపూ తలుపు పైనున్న పిడి మీద ఆయన వేళ్లు తెల్లగా పాలిపోతాయి.

చైతన్య కంగారుపడి దగ్గు సిరప్ కొనుక్కొచ్చాడు. చక్కెర లేనిది.

కొడుకు ఆఫీసుకు వెళ్లాక, సిరప్ మూతలో పోసి ఇస్తూ ప్రవీణ అడిగింది. "మావయ్యగారూ, ఇది తాగితే స్పీడ్ బ్రేకర్లు తగ్గుతాయంటారా?"

ఆయన మూత అందుకుని కాసేపు దాంట్లోకి చూశారు. "కనిపెట్టేశావూ?"

"ఆయనతో చెప్పేస్తానండీ."

"చెప్పకమ్మా. నాకోసమని ముచ్చటపడి చేశాడు. వాడు మాత్రం ఇంకేం చెయ్యగలడు? ఉన్న నాలుగురోజులూ నేను మూలిగి, వాడికి ఆ కాస్తా లేకుండా చెయ్యనా? వాడితో ఒక్క మాట అన్నావంటే నామీద ఒట్టే."

సిరప్ గుటకేసి, "నారింజ రుచి. బానే ఉంది," అన్నారు.

ఆ స్థితిలో ఉన్న మనిషి వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టడం ప్రవీణకు చేతకాలేదు. కానీ ఒట్టు మాట అనకూడదనే కదా. కారు నడపకూడదని ఆయన అనలేదు.

ఆదివారం పక్కింటి శిరీషను మామగారికి తోడుంచి, "హాస్పిటల్ ఫార్మసీలో మాత్రలు తెచ్చుకోవాలి. రాత్రి నిద్రలేదంటున్నారుగా, మీరు వెనక ఒరగండి, నేను నడుపుతాను," అంది మొగుడితో.

"దిండ్లేవీ?"

"ఉతికేశానండీ."

కొండాపూర్‌లో కారు ఎగిరిపడింది.

"అబ్బా! స్పీడ్ బ్రేకర్ కనిపించలేదా నీకు?"

"కనిపించిందండీ. రోజూ మీరు దాటించినట్టే దాటించాను."

ఫ్లైఓవర్ మీద రెండు అతుకులు దాటేసరికి చైతన్య చెయ్యి తలుపు పైనున్న పిడిని వెతుక్కుంది. అద్దంలో ప్రవీణకు కనిపించింది. ఏ జబ్బూ లేని నడుము అది.

"నాన్నకి దగ్గు... సరిగ్గా ఇక్కడే కదా వస్తుంది?"

ప్రవీణ జవాబివ్వలేదు. ఒట్టు కదా.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

ప్రవీణ గేరు మార్చింది. తిరుగు ప్రయాణంలో అతను ముందు సీట్లోకి రాలేదు. వెనకే కూర్చుని, పిడి ముట్టుకోకుండా, ప్రతి అతుకునూ నడుముతోనే దాటాడు. మియాపూర్ దగ్గర పడుతుంటే, "మూసాపేట పోనీ," అన్నాడు.

ఓంకార్ కారు చుట్టూ తిరిగాడు. "ఏందన్నా, అప్పుడే పరేషాన్ అయితున్నవ్? నీ పాతయి అమ్ముడువోయినయ్. పదారు ఇంచులవి ఏస్కో. జర మెత్తగుంటది, లుక్కు గూడ పోదు."

చైతన్య ప్రాణం పదహారు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ప్రవీణ అది కూడా చూసింది.

"పదిహేనే. రబ్బరు ఎక్కువున్నవి," అన్నాడు చివరికి.

"పదిహేనుల నల్ల ఇనుప రిమ్ములే ఉన్నయ్. బండి క్యాబ్ లెక్క కొడ్తది మల్ల. చెయ్యి అడ్డంబెట్టి ఎవలన్న ఎక్కుతరు, చూస్కో."

"ఎక్కనీ."

ఓంకార్ ప్రవీణ వైపు తిరిగాడు. "గాలి గూడ జర తక్కువ గొట్టాల్నా అక్కా?"

"ఉండాల్సినంతే కొట్టు నాయనా. మళ్లీ ఇంకో కొత్త జబ్బెందుకు."

సోమవారం కొండాపూర్ స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. కారు మెల్లగా పైకి లేచి, మెల్లగా దిగింది. దగ్గు రాలేదు. ఫ్లైఓవర్ మీద అతుకులు ఒకటొకటే వెనక్కి పోయాయి. పిడి ఖాళీగా ఉండిపోయింది.

"సిరప్ పనిచేసినట్టుంది నాన్నా," అన్నాడు చైతన్య, అద్దంలోకి చూడకుండా.

"మంచి కంపెనీదిరా," అన్నారాయన.

హాస్పిటల్‌లో డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దర్నే లోపలికి పిలిచి, కొత్త స్కాన్ ముందు పెట్టాడు. రేడియేషన్ ఇక ఆపేద్దామన్నాడు. నొప్పి తెలియకుండా మందులు రాస్తానన్నాడు. "ఇంట్లోనే ఉంచండి. రోజూ ఇంత దూరం ఆయన్ని కుదిపి తీసుకురావక్కర్లేదు," అన్నాడు. మంచి మనిషి. ఆ మాట దయతోనే అన్నాడు.

బయట చక్రాల కుర్చీలో ఉన్న సీతారామయ్యగారు కొడుకు మొహంలోకి చూశారు. "రేపెన్నింటికి రమ్మన్నాడు?"

"రేపు... సెలవట నాన్నా."

ఆయన తలూపారు. ఎల్లుండి సంగతి అడగలేదు.

తిరుగుదారిలో కారు మెత్తగా, చప్పుడు లేకుండా పోతోంది. కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కింది. మొదటి అతుకు టైర్ల కింద పడిన సంగతే తెలియలేదు. చైతన్య దగ్గాడు. రెండో అతుక్కి మళ్లీ దగ్గాడు. స్టీరింగ్ మీద అతని వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఫ్లైఓవర్ దిగి, అతుకులన్నీ అయిపోయాక కూడా దగ్గుతూనే ఉన్నాడు.

ప్రవీణ ఒళ్లో ఉన్న స్కాన్ కవరును రెండు చేతులా పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది.

వెనక నుంచి మామగారు నిదానంగా అన్నారు. "అమ్మా ప్రవీణా, ఆ సిరప్ ఇంకా మిగిలిందా? ఇంటికెళ్లాక వీడికి రెండు మూతలు పొయ్యి."