రెండు డజన్ల కర్రలకు బదులు

మంచు మీద హాకీ ఆడే రింకులో కొత్తగా పోసిన నీళ్ళు గడ్డకట్టాయో లేదో లైల్ ఒలెక్సిన్ బూటు మడమతో తొక్కి చూశాడు. తర్వాత అలవాటుగా పైకప్పు వైపు చూశాడు. దాని మీద మూరెడు మంచు పేరుకుని ఉంటుంది. ఏదో ఒకనాడు అది జనం నెత్తిన కూలుతుందని పంతొమ్మిదేళ్ళుగా అతని భయం. ఎడమ మోకాలు ఈడ్చుకుంటూ ఆఫీసు మెట్లెక్కాడు.

కెల్బర్న్ ఊరి హాకీ జట్టుకు అతను జనరల్ మేనేజరు. పేరుకే పెద్ద ఉద్యోగం. బస్సు మాట్లాడేదీ, ఆటగాళ్ళకు ఇళ్ళు చూసేదీ, మరుగుదొడ్డి పైపు పగిలితే దగ్గరుండి బాగుచేయించేదీ అతనే.

ఆటగాళ్ళను మార్చుకోవడానికి ఆ మధ్యాహ్నం మూడింటితో గడువు సరి.

ముప్పై ఒక్కేళ్ళ కిందట అలాంటి రోజునే కోచ్ గార్త్ మెకేబ్, అప్పట్లో ఆటగాడైన అతన్ని వేరే జట్టుకు ఇచ్చేసి, బదులుగా రెండు డజన్ల హాకీ కర్రలు తీసుకున్నాడు. చిన్న లీగుల్లో అలాంటి బేరాలు మామూలే. కానీ ఆ మాట లైల్‌కి ఇంటిపేరైపోయింది. పెళ్ళిలో కూడా "కర్రలాయన" అని పిలిచారు. మామగారు కూడా నవ్వాడు.

మూడేళ్ళ కిందట మెకేబ్ కొడుకు కర్ట్ ఈ జట్టులో చేరాడు. లైల్ తొందరపడలేదు. జట్టు తరఫున ఇల్లిచ్చాడు. కర్ట్ భార్యను కాన్పుకి తన కారులోనే తీసుకెళ్ళాడు. కుదురుకోనిచ్చాడు. పీకితే వేళ్ళతో సహా రావాలి.

ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి జట్టు మేనేజరు ఫోనులో విస్తుపోయాడు.

"కర్ట్‌కి బదులు మంచి ఆటగాణ్ణిస్తానంటే వద్దంటావేంటయ్యా?"

"మీ దగ్గర పాత పాప్‌కార్న్ మెషీన్ ఉందిగా. అదివ్వు. కాగితంలో అలాగే రాయి."

"తాగి ఉన్నావా?"

"రాయి."

టికెట్లమ్మే బెర్నీస్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "పాప్‌కార్న్ నీ పళ్ళలో ఇరుక్కుంటుందిగా లైల్."

"తినడానికి కాదులే."

"తెలుసు. అందుకే భయంగా ఉంది."

నాలుగింటికి గార్త్ మెకేబ్ ఫోన్ చేశాడు.

"పాప్‌కార్న్ మెషీనా? నయమే. నిన్నిచ్చి తెచ్చిన కర్రలు సగం నెలలోనే విరిగాయి."

ఆ గొంతు దిగేదాకా లైల్ ఆగగలడు.

అవతలి గొంతు దిగింది. "ఒరేయ్ లైల్. పాపకి జ్వరంరా. దారిలో మంచుతుఫానట. వాడు రేపు మధ్యాహ్నానికల్లా అక్కడుండాలి. ఇల్లు జట్టుది కాబట్టి పెళ్ళాం బిడ్డతో ఇవాళే బయల్దేరుతున్నాడు. ఒక్కరోజు ఇంట్లో ఉండనివ్వు. అక్కడివాళ్ళతోనూ చెప్పు. నువ్వడిగితే ఆగుతారు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరొదలడానికి నాకు నువ్వు గంట టైమిచ్చావు గార్త్. నేనేమన్నా అడిగానా?"

ఫోను పెట్టేశాడు. ఇన్నేళ్ళు దాచుకున్న మాట. నోట్లో తియ్యగానే ఉంది.

అయిదింటికి కర్ట్ వచ్చాడు. వెళ్ళిపోయే ఆటగాడు మేనేజరుతో చేయి కలిపి వెళ్ళడం అక్కడి మర్యాద. చేతుల్లోవి బల్ల మీద పెట్టి, గ్లవ్ ఊడదీసి చేయి చాచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పాప పుట్టినప్పుడు మీరు చేసింది మర్చిపోనండీ."

లైల్ చేయి కలిపాడు. "నెమ్మదిగా నడుపు."

"మెషీన్ బాగానే పనిచేస్తుందట. అక్కడివాళ్ళు చెప్పారు."

తలుపు మూసుకుంది. కింద కారు స్టార్టయింది. దీపాల వెలుతురు ఒక్కసారి కిటికీ మీదుగా తిరిగి హైవే వైపు పోయింది. అప్పటికే అద్దం మీద మంచు పొడి రాలుతోంది. ఆ రోడ్డు మీద రెండొందల కిలోమీటర్లదాకా ఒక్క దుకాణమూ ఉండదు, ఫోనూ పలకదు.

లైల్ కాగితాలు సర్దబోయి ఆగిపోయాడు. కర్ట్ బల్ల మీద పెట్టిన ఇంటి తాళంచెవుల పక్కన, మూతకి చిన్న ప్లాస్టిక్ చెంచా రబ్బరుబ్యాండుతో కట్టి ఉన్న పిల్లల జ్వరం మందు సీసా ఉండిపోయింది, ఇంకా సీలు తియ్యనిది.