మండువా నిండిన మంచు

తెల్లవారుజామున నమాజుకు లేచి తలుపు తీసిన మెబార్కాకు మండువా కనిపించలేదు. రాత్రి బోర్లించి పెట్టిన బిందె లేదు, దానిమ్మ మొక్క మొదలు లేదు, మిద్దె మెట్లలో కింది రెండూ లేవు. ఉన్నదంతా తెల్లగా, ఎత్తుగా, చప్పుడు లేకుండా ఉంది.

అల్జీరియా ఎడారి అంచున ఉన్న అయిన్ సెఫ్రాలో మంచు అసలే తెలియనిది కాదు. నాలుగైదేళ్ళకోసారి ఊరి వెనక ఇసుక తిన్నెల మీద పలచగా పడుతుంది. పిల్లలు పళ్ళేల మీద కూర్చుని జారుతారు, ఎండెక్కేసరికి అది కాస్తా ఇంకిపోతుంది. మోకాలి లోతు మంచు మాత్రం ఆమె చూడలేదు. ఎనభై దాటిన అత్తగారు హాజ్జా యమ్నా కూడా చూడలేదు. రెండేళ్ళుగా కాళ్ళు పడిపోయి మంచం మీదే ఉన్న ఆ పెద్దావిడ, కోడలు దోసిట్లో తెచ్చి చూపించిన మంచును వేలితో పొడిచి చూసి, అల్లాను తలుచుకుని, తలుపు మూసి కుంపటి రాజేయమంది.

భర్త జెల్లూల్ పోయి ఆ రోజుకు యాభై ఎనిమిది రోజులు. తోటలో ఖర్జూరపు చెట్టు కింద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పటి నుంచి మెబార్కా ఇద్దత్‌లో ఉంది. ఒంటి మీద తెల్లబట్ట, కంటికి కాటుక లేదు, ఒంటికి అత్తరు లేదు. నాలుగు నెలల పది రోజులు భర్త ఇల్లు కదలకూడదు. ఒక్కగానొక్క కూతురు దూరాన బెషార్ పట్నంలో కాపురముంటోంది. ఇంట్లో అత్తా కోడలూ తప్ప మూడో మనిషి లేరు. కూతురితో మాట్లాడదామంటే ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

కాసేపటికి పైనుంచి పిలుపు వినిపించింది. పక్కింటి ఖదూజ. పాత ఇంటిని పడగొట్టి సిమెంటు స్లాబు వేయించుకున్న ఇల్లు వాళ్ళది. రెండు మిద్దెల మధ్యా నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఊళ్ళో ఆడవాళ్ళ రాకపోకలన్నీ ఆ గోడల మీదుగానే.

"మెబార్కా, పైకి రా. నీ మిద్దె మీద ఒంటె పడుకున్నట్టుంది. ఇంకాసేపుంటే కింద మీ అత్త ఒళ్ళో పడుకుంటుంది."

మిద్దె ఎక్కవచ్చా అని మెబార్కా అత్తగారిని అడిగింది. ఏదైనా ఒకరిని అడిగి చేయడం ఆమెకు అలవాటు. పెళ్ళికి ముందు తండ్రినీ, తర్వాత జెల్లూల్‌నూ, ఇప్పుడు ఈవిడనూ. మిద్దె ఇంటిలోదేననీ, గోడ దాటనంత వరకూ తప్పు లేదనీ హాజ్జా తేల్చింది.

అది మట్టి మిద్దె. ఖర్జూరపు దూలాలు, వాటి మీద రెల్లు, ఆ పైన జానెడు మట్టి. ఏడాదికి రెండు వానలు పడే చోట అంతకంటే అక్కర్లేదు. ఇంట్లో పార కూడా లేదు. పార తోటలో ఉంది, తోట ఊరవతల ఉంది. ఖదూజ గోడ దాటి వచ్చింది. ఒకరు కుస్‌కుసు రవ్వ కలిపే పెద్ద కొయ్య పళ్ళెంతో, ఒకరు ఖర్జూరపు మట్టతో మంచును తోయడం మొదలుపెట్టారు. వీధి వైపు పిట్టగోడ నిలువెత్తు ఉంటుంది, దారిన పోయే మగవాళ్ళ కళ్ళు ఇంటి ఆడవాళ్ళ మీద పడకుండా. దాని మీదుగా విసరడం వాళ్ళ తరం కాలేదు. మండువా నోరు తెరుచుకుని పక్కనే ఉంది. అందులోకి తోశారు.

ఇద్దరికీ చెమట పట్టింది. చాన్నాళ్ళకు చేతుల నిండా పని దొరికి మెబార్కా ఒంట్లోకి వేడి వచ్చింది. ఒక్కసారి నవ్వింది కూడా. నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

మధ్యాహ్నం నమాజు వేళకు మిద్దె మూడొంతులు ఖాళీ అయింది. ఖదూజ తన ఇంటికి వెళ్ళింది. మెట్లు దిగి వచ్చాకగానీ తాము చేసిన పని ఏమిటో మెబార్కాకు తెలియలేదు. మండువా ఆమె ఛాతీ ఎత్తున నిండి ఉంది. అవతలి వైపు వీధి తలుపుకు పోయే నడవ నోరు పూర్తిగా పూడిపోయింది. నీళ్ళు పోయే తూము ఎక్కడో అడుగున ఉంది. మెట్లూ, మెట్ల పక్కనే అత్తగారి గది తలుపూ ఉన్న మూల మాత్రం కాస్త ఖాళీగా మిగిలింది. మిద్దెను కాపాడబోయి ఇంటిని పూడ్చుకున్నారు. దిగితే ఆ గది, ఎక్కితే ఆకాశం.

ఆమె పళ్ళెంతో నడవ వైపు దారి చేయబోయింది. ఒక పళ్ళెం తీస్తే రెండు పళ్ళేల మంచు జారి వచ్చి పడింది. అంతలో మళ్ళీ మబ్బు పట్టింది. ఈసారి మంచుతో పాటు సన్నగా వాన. పొద్దుట పొడిగా తేలిగ్గా ఉన్నది ఇప్పుడు నీళ్ళు తాగి బరువెక్కింది. మండువాలో నీళ్ళు కదిలి గడప మీదుగా గదిలోకి పాకాయి. హాజ్జా దుప్పటి మీద గోధుమరంగు చుక్క ఒకటి పడింది, తర్వాత మరొకటి. పైన దూలం, కుక్క నిద్రలో మూలిగినట్టు మూలిగింది.

వీధిలో మగవాళ్ళ గొంతులు వినిపించాయి. ఆసుపత్రి దారి ముందు తెరుస్తున్నామనీ, తర్వాత ఇటు వస్తామనీ, చీకటి పడేలోపు రాలేకపోవచ్చుననీ వీధి తలుపు అవతల నుంచి కేకేసి చెప్పి వెళ్ళిపోయారు.

ఖదూజ మళ్ళీ పై నుంచి పిలిచి, ఇద్దరినీ తన ఇంటికి వచ్చేయమంది. హాజ్జాను ఎత్తుకురావడానికి తన భర్తను పంపుతానంది. మెబార్కా ఆ మాట కిందికి మోసుకొచ్చింది.

"పరాయి మగాడు నన్ను ఎత్తుకోవడమా?" అంది హాజ్జా. "ఎనభై ఏళ్ళు దాచుకున్న పరువు వానకు తడిసిందని పారేస్తానా?"

"నేను ఎత్తుకుంటాను అత్తమ్మా."

"నువ్వా? నువ్వు గోడ దాటతావా? నా కొడుకు పోయి రెండు నెలలు కాలేదు."

"దూలం విరిగేలా ఉంది."

"ఈ దూలం నా పెళ్ళికి ముందు వేసింది. నీకంటే గట్టిది." ఆవిడ తల మీద ఇంకో చుక్క పడింది. తుడుచుకోలేదు. "పోయి ఇమాంగారిని అడిగి రా. ఆయన సరేనంటే చూద్దాం."

ఇమాంను అడగాలంటే వీధిలోకి పోవాలి. వీధిలోకి పోవచ్చో లేదో అడగడానికే ఇమాం కావాలి. మెబార్కా మంచం పక్కన తడినేల మీద కూలబడింది.

ప్రాణం మీదికి వస్తే బయటికి రావచ్చని ఆమె వినే ఉంది. ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది ఆ నియమం కాదు. ఎనిమిది రోజుల కిందట వీధి తలుపు వెనక నిలబడి ఉంటే, అవతల ఎవరో ఆడవాళ్ళు నవ్వుకుంటూ పోయారు. ఆ క్షణాన, ఏదో ఒకటి జరిగి తాను ఇక్కణ్ణించి బయటపడితే బాగుండునని ఆమె అనుకుంది. నోటితో అనలేదు. కానీ మనసులో అనుకున్నది వినేవాడు ఉన్నాడు కదా. ఇప్పుడీ మంచు. దూలం నిజంగానే మూలిగిందా, మూలగాలని తన చెవులు కోరుకున్నాయా? ఈ ముసలి ప్రాణం కోసం వెళ్ళాలనుకుంటోందా, ఆ గోడ దాటడానికి దొరికిన సాకు ఇదేనా? ఎంత తరచి చూసుకున్నా ఒకదాని నుంచి మరొకటి విడివడి రాలేదు. ఉప్పు కలిసిన పిండిలో ఉప్పు ఎక్కడుందో చూపించమన్నట్టు ఉంది.

పైన మళ్ళీ మూలుగు. ఈసారి దూలం పొడుగునా ఒక సన్నని గీత పడి, అందులోంచి మట్టి పొడిగా రాలింది. మంచం కింద నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. హాజ్జా కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది.

మెబార్కా మనసును అలాగే, తెగని చిక్కుతోనే వదిలేసి లేచింది. కుంపటిని నీళ్ళలో ముంచి ఆర్పింది. వీపు అత్తగారి వైపు తిప్పి మంచం పక్కన వంగింది.

"నా మెడ పట్టుకోండి."

"రానన్నాను కదా."

"తప్పయితే అది నా లెక్కలో పడుతుంది అత్తమ్మా, మీ లెక్కలో కాదు. పట్టుకోండి."

హాజ్జా జపమాలను మణికట్టుకు చుట్టుకుంది. తర్వాత రెండు చేతులూ వచ్చి కోడలి మెడను చుట్టుకున్నాయి. ఎండు మట్ట అంత తేలిక అనుకున్న మనిషి, తడిసిన దుప్పట్లతో కలిసి గోధుమ బస్తా అంత బరువుంది. దుప్పటి అంచుతో ఆవిడను నడుముకు కట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ మెబార్కా పైకెక్కింది. మిద్దె నడిమధ్య నుంచి పోతే పది అడుగులే. కానీ నడిమధ్య కుక్కి మంచంలా కుంగి ఉంది. గోడల వెంబడి నడవమని గోడ అవతల నుంచి ఖదూజ చెబుతోంది. మెబార్కా వీధి వైపు పిట్టగోడను భుజంతో రాసుకుంటూ, అడుగు ముందు అడుగు వేస్తూ నడిచింది. కింద ఏ అడుగుకు ఏది కదులుతోందో కాళ్ళకు తెలుస్తోంది. చెవి పక్కన హాజ్జా ఖురాన్ ఆయతులు చదువుతోంది. మధ్యలో ఆపి, "జారేవు," అంది. మళ్ళీ చదివింది.

మధ్యగోడ దగ్గర ఖదూజ చేతులు చాచి పెద్దావిడను అందుకుంది. వీపు ఖాళీ అయింది. మెబార్కా గోడకు ఇవతలే ఉంది. ఇప్పుడు మోయవలసిన మనిషి లేరు, తన ఒక్కదాని సంగతే మిగిలింది. వాన ముఖం మీద పడుతోంది.

"నీకు వేరే ఆహ్వానం కావాలా?" అంది ఖదూజ.

మెబార్కా బిస్మిల్లా అని గోడ మీద చేయి వేసి అవతలికి దిగింది.

రాత్రంతా ఆమె ఖదూజ ఇంట్లో వెనక గదిలో అత్తగారి పక్కన పడుకుని చెవులు రిక్కించి ఉంది. కూలిన చప్పుడు ఏదీ రాలేదు. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఖదూజ చూసి వచ్చి, మిద్దె పడలేదని చెప్పింది. మెబార్కా వెళ్ళి చూసింది. మధ్యలో కుంగి, అక్కడ నీళ్ళు నిలిచి, నిలబడే ఉంది.

తిరిగి వచ్చేసరికి హాజ్జా కళ్ళు తెరిచి ఎదురుచూస్తోంది.

"పడలేదంట కదా."

"పడలేదు."

"రాత్రి అక్కడే ఉన్నా బతికేవాళ్ళం."

"బతికేవాళ్ళమేమో."

"మరి నన్ను నా గదిలో దించు."

ఇల్లు కూలి ఉంటే జవాబు తేలికగా ఉండేది. నీ భయం నిజమేనని ఊరంతా అనేది, తానూ అనుకునేది. ఇప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. రాత్రి నమాజులో అడిగిన దానికి పైనుంచి కూడా ఏ గుర్తూ రాలేదు. మెబార్కా తడిసిన తెల్లకొంగును పిండి భుజం మీద ఆరేసుకుంది.

"దించను అత్తమ్మా. మట్టి ఆరాలి. మేస్త్రి వచ్చి చూసి ఉండొచ్చంటే అప్పుడు వెళ్దాం. మిగిలిన ఇద్దత్ అప్పటిదాకా ఈ గదిలోనే గడుపుతాను, గడప దాటను."

"ఎవరినడిగి చెబుతున్నావు?"

"ఎవరినీ అడగలేదు."

హాజ్జా ఆమెను కిందికీ పైకీ చూసింది. కొత్తగా ఇంటికొచ్చిన పిల్లను చూసినట్టు చూసింది. గోడ వైపు తిరిగింది. పొయ్యి మీద ఖదూజ పాలు పొంగించి దించేదాకా అటే తిరిగి ఉంది.

"ఖదూజా," అంది చివరికి, "ఈ గదిలో నమాజుకు కాబా దిక్కు ఎటు?"

ఖదూజ కిటికీ వైపు చూపించింది. మంచం దానికి అడ్డంగా ఉంది. మెబార్కా తల వైపు, ఖదూజ కాళ్ళ వైపు పట్టుకుని, పెద్దావిడ దాని మీద ఉండగానే మంచాన్ని తిప్పడం మొదలుపెట్టారు.