సర్కారీ మూర

అమలవి పొడుగు చేతులు. కడప నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆ పిల్లకు ఆ చేతుల వల్లే ఇంత తంటా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

యూనివర్సిటీ చరిత్ర శాఖలో ఆమె పరిశోధన పాత శాసనాల్లోని పొలం కొలతల మీద. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర, రెండు మూరలు ఒక గజం. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఆమె గైడు రాఘవేంద్రగారే ఒకరోజు కళ్ళజోడు తీసి, "రెండు మూరలు సరేనమ్మా, ఎవరి మూరలు?" అన్నారు.

శాఖలో అందరి చేతులూ గజంబద్ద మీద పెట్టి చూశారు. ఎవరిదీ సరిపోలేదు. చివరికి అమల చెయ్యి పెడితే సరిగ్గా అరగజం. రాఘవేంద్రగారి కళ్ళు చెమర్చాయి.

ఆ మధ్యాహ్నమే మీటింగు పెట్టి ఆమె కుడిచేతిని శాఖ కొలమానంగా ప్రకటించారు. ఎండకు సాగకుండా గొడుగు పట్టడానికి అటెండరు పరశురాంను పెట్టారు. గొడుగు చేతి వరకే. తలకు ఎండ తగిలితే శాఖకు అభ్యంతరం లేదు.

సాయంత్రం అమల తార్నాకలో మల్లెపూలు కొనబోయింది. బండి దగ్గర లచ్చవ్వ తన పొట్టి చేత్తో మూర వేయబోతుంటే పరశురాం అడ్డుపడ్డాడు.

"ఆగవ్వా! సర్కారీ మూర గీడున్నది."

అంతే, అక్కడున్న ఆడవాళ్ళంతా ఆ పొడుగు మూరే కావాలని కూర్చున్నారు.

"ఏంది బిడ్డా, నీ చెయ్యితోని నా గిరాకీ ముంచుతవా?" లచ్చవ్వ మండిపడింది. "అయితే నువ్వే కొలువు!"

లాలాపేట్ బస్సు దిగినవాళ్ళు కూడా వచ్చి చేరారు. బండి చెక్కకు ఆనించి కొలిచీ కొలిచీ, పూలు అయిపోయేసరికి అమల మోచెయ్యి బొప్పి కట్టింది.

మర్నాడు చెయ్యి బద్ద మీద కాస్త ఎక్కువ వచ్చింది.

"వాపు సార్," అంది అమల.

"వాపు కాదమ్మా, బద్ద కురచైంది," అన్నారు రాఘవేంద్రగారు.

వడ్రంగి చేత కొత్త గజంబద్ద చేయించారు. దాంతో కొలిచి కుట్టించిన సెమినార్ హాలు కర్టెన్లు నేలంతా పరుచుకున్నాయి. ఉపన్యాసానికి వచ్చిన పెద్దాయన వాటిలో చుట్టుకుపోయాడు. ఆయన్ని విప్పేసరికి లంచ్ టైమైంది. ఆపాటికి అమల వాపు కూడా తీసింది.

"ఇప్పుడు చెయ్యి కురచైంది. ఎందుకిట్లా చేశావమ్మా?" అన్నారు రాఘవేంద్రగారు దిగులుగా.

అమలకు ఒళ్ళు మండింది. "నేను మనిషిని సార్. తింటాను, పడుకుంటాను, వాస్తాను కూడా. అంతగా కావాలంటే మీ చెయ్యే పెట్టుకోండి!"

ఆయన ఆ మాటనే పట్టుకున్నారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే క్యాంపస్ గ్రౌండులో ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు.

ఒకరోజు అమల సంతకం కోసం అక్కడికే వెళ్ళింది. ఆయన చొక్కా పైకి లేచి బొజ్జ బయటపడింది, మొహం కందిపోయింది.

"చూడమ్మా, ఏమన్నా సాగిందా?"

అమల కోపమంతా ఎటో పోయింది. "కొంచెం సాగినట్టే ఉంది సార్. ఇంక దిగండి, క్యాంటీన్లో వేడిగా ఇడ్లీలు దించారు."