వంటింటి గడియారం

"టైమెంతయిందోయ్?" బాత్రూంలోంచి భర్త కేక.

తడిచేతులు తుడుచుకుంటూ గోడ గడియారం చూసి చెప్పిందామె. వెంటనే మంచం మీంచి అత్తగారు అదే అడిగారు. గదిలోంచి కూతురూ అదే అడిగింది. అందరికీ ఫోన్లున్నాయి, అయినా టైము మాత్రం ఆమే చెప్పాలి. చెప్పాక వచ్చే మాట కూడా ఆమెకు కంఠతా వచ్చు. "అప్పుడే అంతయిందా? ఇంకా బాక్సులు కట్టలేదా? నీకెప్పుడూ లేటే!" పెళ్ళయిన దగ్గర్నుంచీ వినీ వినీ, తను మందకొడి మనిషినని ఆమే నమ్మేసింది.

ఆమె ఉద్యోగం సంగతి వింటే నవ్వొస్తుంది. ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే టైము చూపించేలా చూసే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఇన్నాళ్ళూ ఒకే ప్రోగ్రాం పై కంప్యూటర్లని అడిగి టైము తెలుసుకునేది, కింది కంప్యూటర్లు అడిగితే చెప్పేది. మొన్నామధ్య దానికెక్కణ్ణుంచో తప్పు టైము అందింది. అది నమ్మి, తను చెడిందే కాక అడిగిన ప్రతి మిషన్‌కీ అదే పంచిపెట్టింది. అందుకని ఆమె దాన్ని రెండుగా విడగొట్టింది. తెలుసుకునేది క్లయింటు, చెప్పేది సర్వరు. ఎవరైనా కావాలని ఆన్ చేస్తే తప్ప సర్వరు నోరు విప్పదు.

"ఒక్కటే రెండు పనులూ చేసుకుపోతోంది కదమ్మా, ఎందుకీ వేరుకాపురాలు?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు.

"ఒక్కచోట విన్నది నమ్మేసి ఊరంతా చెప్పింది సార్. ముందు నాలుగుచోట్ల అడిగి సరిచూసుకోవాలి. చెప్పడం తర్వాత సంగతి."

"సరే, చూద్దాం," అన్నాడు.

అతని సంగతేమో గానీ, తనన్న మాట తననే పట్టుకుంది. వంటింట్లో తనెప్పుడు సరిచూసుకుంది?

మర్నాడు పొద్దున ఫోను తెచ్చి గడియారం పక్కన పట్టుకుని చూసింది. గడియారం పావుగంట ముందుంది. పాతదయిపోయిందనుకుని స్టూలెక్కి సరిచేసింది. తెల్లారేసరికి మళ్ళీ పావుగంటే ముందుంది. అంత పద్ధతిగా పాడయ్యే గడియారం ఉండదు.

అనుమానం ముందు అత్తగారి మీదకే పోయింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ స్టూలెక్కలేరు. కూతురా? దానికి మంచం దిగడమే గగనం. ఇంకోసారి సరిచేసి ఊరుకుంది. మళ్ళీ ముందుకెళ్ళాక గడియారం దించి చూస్తే, వెనక ముళ్ళు తిప్పే చక్రానికి తెల్లగా ఏదో అంటుకుని ఉంది. వాసన చూసింది. షేవింగ్ క్రీం.

"మీరేనా జరుపుతోంది?"

భర్త దాచలేదు సరికదా, నవ్వాడు. "నీ మంచికేలే. పెళ్ళయిన కొత్తలోనే జరిపా. లేకపోతే నువ్వు కదుల్తావా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్నేళ్ళుగా అతను లేటన్న ఏ రోజూ ఆమె లేటు కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. బాత్రూంలో సబ్బుపెట్టె పక్కనే తన వాచీ పెట్టుకుని మరీ రోజూ టైమడిగింది తెలుసుకోవడానికి కాదు, ఆమె ఇంకా నమ్ముతోందో లేదో చూసుకోవడానికి.

మర్నాడు గడియారం దించి బ్యాటరీ తీసేసింది. చేతికి తన వాచీ కట్టుకుంది. టీ కలుపుకుని, ఎన్నడూ లేనిది, కుర్చీలో కూర్చుంది.

"టైమెంతయిందోయ్?"

వాచీ చూసుకుంది. ఇంకో గుక్క తాగింది.

"నిన్నే! టైమెంతయిందో తెలీట్లేదా?"

"నాకు తెలుసు," అంది.